మళ్ళీ వండిపెడతారా?

"కోడలా, ఇవాళ పలావులో నాలుగు శనగలు కూడా పడితే బాగుంటుందేమో చూడమ్మా" అన్నాడు తుర్సున్‌బాయ్ ఉస్తా, స్నానాలగది తలుపులోంచి తల మాత్రం బయటపెట్టి.

మొహిరా ఒక చెవిలో ఆఫీసు మీటింగు నడుస్తోంది. పొయ్యి మీద ఇనప కడాయిలో ఉల్లిపాయలు ఎర్రబడుతున్నాయి. నిలువుగా తరగాల్సిన క్యారెట్లు గుట్టగా పడి ఉన్నాయి. శనగలు రాత్రే నానబెట్టాలని, పొద్దున పదింటికి అడిగితే అవి నానవని చెప్పాలనిపించింది. కానీ ఆయన మేస్త్రీ మాత్రమే కాదు, అత్తగారి సొంత తమ్ముడు. "అలాగే మామయ్యా" అంది. అదే సమయానికి ఫోన్లో ఆఫీసు పెద్ద, అందరూ అన్నా అన్నట్టు పిలిచే ఫర్రుఖ్ అకా "మొహిరా, నువ్వేమంటావు?" అని అడిగాడు. "అలాగే మామయ్యా" అన్న మాట తాష్కెంట్ ఊళ్ళో సగం మందికి వినిపించినట్టయింది. అవతల ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ ఇంట్లో స్నానాలగది పని మొదలైనప్పుడు ముంగిట్లో ఖుబానీ చెట్టు పూత మీద ఉంది. ఇప్పుడు ఖుబానీలు కోయడం అయిపోయి, డాబా మీద ఎండుతున్నాయి. మూడు గోడలకు టైల్స్ పడ్డాయి, నాలుగో గోడ ఇంకా టైల్స్ కోసం ఎదురుచూస్తోంది. ఇంటిల్లిపాదీ పెరట్లో రేకుల షెడ్డులో స్నానం చేస్తున్నారు. నీళ్ళు కాచేది మొహిరా. మేస్త్రీకి పొద్దున టీ, రొట్టె, మీగడ. మధ్యాహ్నం వేడి భోజనం. సాయంత్రం మళ్ళీ టీ, ఎండు ద్రాక్ష. పని చేసే మనిషికి ఆ ఇంటివాళ్ళు కడుపునిండా పెట్టకపోతే వీధిలో తలెత్తుకోలేరు. పెట్టేది ఇంటివాళ్ళు అంటారు గానీ, ఆ ఇంటివాళ్ళలో చేతులున్నది కోడలికి ఒక్కదానికే అన్నట్టు ఉంటుంది వ్యవహారం.

ఇందులో వింత ఏమిటంటే, మొహిరా ఉద్యోగమే నమ్మకమైన మేస్త్రీలను వెతికిపెట్టే యాప్ తయారుచేయడం. ఏ తెర మీద ఏముండాలి, ఏ బొత్తాం నొక్కితే ఏమవ్వాలి, ఏ ప్రశ్న ఎలా అడగాలి అన్నీ గీసి ఇచ్చేది ఆమే. ఇల్లు బాగుచేయించుకోవాలనుకున్నవాళ్ళు అందులో చూసి టైల్స్ మేస్త్రీనో, ప్లంబర్‌నో, పైకప్పు వేసేవాణ్ణో ఎంచుకోవాలి. పని అయ్యాక ఇంటి యజమాని నక్షత్రాలు ఇవ్వాలి. ఆ పని ఆమె వంటింట్లో కూర్చుని చేస్తుంది. అత్తగారు మస్తూరా వీధిలో వాళ్ళకు "మా కోడలు ఒక్క క్షణం ఖాళీగా ఉండదండీ, పనిలేకపోతే ఫోన్లో ఏదో నొక్కుతూ ఉంటుంది" అని గొప్పగానే చెబుతుంది.

"మనకో సమస్య వచ్చింది" అంటున్నాడు ఫర్రుఖ్ అకా. "మూడు వాడల్లో యాప్ పెట్టి చూశాం. మేస్త్రీలందరికీ అయిదుకి అయిదు నక్షత్రాలే."

"మంచిదేగా అకా?" అన్నాడు ఒకడు.

"ఏం మంచిది? ఒకాయన గోడలో పైపు కోసేసి ఇల్లంతా నీళ్ళపాలు చేశాడు. అతనికీ అయిదే! ఇంకొకాయన తలుపు తలకిందులుగా బిగించాడు, తాళం వేయాలంటే వంగి వేయాలి. అతనికీ అయిదే! అందరూ మంచివాళ్ళే అయితే యాప్ ఎందుకని జనం వాడటం మానేస్తున్నారు. పెట్టుబడి పెట్టినవాళ్ళు నెలాఖరు దాకా చూస్తామన్నారు. తర్వాత మనందరం ఇంటికే."

ఇంటికి. మొహిరా చుట్టూ చూసింది. తను ఇప్పటికే అక్కడ ఉంది. ఈ ఉద్యోగం కూడా పోతే ఇక పూర్తిగా ఇక్కడే ఉంటుంది.

"అయిదు చాలకపోతే పది నక్షత్రాలు పెడదాం అకా" అన్నాడు మళ్ళీ అతనే. దాని మీద మగవాళ్ళంతా చాలాసేపు చర్చించారు. మొహిరా క్యారెట్లు తరగడం పూర్తిచేసింది.

ఆ మధ్యాహ్నం ఆమె యాప్ వాడిన ఇళ్ళకు ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. ఎత్తింది మగవాళ్ళే. "దేవుడి దయవల్ల అంతా బ్రహ్మాండం" అన్నారు. పైపు పగిలిన ఇంటాయన కూడా అదే అన్నాడు. "అకా, ఇల్లంతా నీళ్ళొచ్చాయట కదా?" అంటే, "వచ్చాయి, పోయాయి. ఆయన మన రొట్టె తిన్న మనిషమ్మా. తిన్న మనిషి మీద చాడీ రాస్తామా? సిగ్గు కాదూ?" అని, ఇంకా ఏదో అడగబోతే "ఇదిగో మా ఆవిడతో మాట్లాడు, నేను పనిలో ఉన్నాను" అని ఫోను ఇచ్చేశాడు.

ఆవిడ పేరు నజోకత్, మొహిరాకు అక్క వయసు.

"ఎవరూ, యాప్ అమ్మాయా? ఏం కావాలమ్మా?"

"ఆపా, ప్లంబర్ పని ఎలా ఉందో చెబుతారా?"

"పని సంగతి నాకేం తెలుసు తల్లీ, నేను ఆడదాన్ని." తలుపు మూసిన చప్పుడు వినిపించింది. "కానీ ఒకటి చెబుతాను విను. పదకొండింటికి వచ్చేవాడు. వచ్చీ రాగానే టీ. గోడ దగ్గర నిలబడి ఫోన్లో పెళ్ళి సంబంధాలు మాట్లాడేవాడు. అక్కడ పైపుంది ఉస్తా అని నేను రెండుసార్లు చెప్పాను. నువ్వు సూపు సంగతి చూసుకో చెల్లీ అన్నాడు. సూపు చూసుకుంటూ ఉండగానే కాళ్ళకింద నీళ్ళు! నా పెళ్ళినాటి తివాచీ తడిసిపోయింది. ఆ తడి తివాచీ మీదే కూర్చుని రెండో గిన్నె సూపు అడిగాడమ్మా!"

"ఇదంతా మీవారికి తెలుసా?"

"ఆయన రాత్రి వస్తాడు. అప్పటికి నేను తుడిచేసి ఉంటాను కదా."

ఆ రోజు మరికొన్ని ఇళ్ళలోనూ అంతే. పని సంగతి మాకేం తెలుసు అని మొదలుపెట్టి, ఆ ఆడవాళ్ళు మొత్తం పని ఇటుక ఇటుకా చెప్పేశారు.

మొహిరా ఫోను పెట్టేసి, టీ గిన్నె తీసుకుని మేస్త్రీ దగ్గరకు వెళ్ళింది. ఆయన గోడ వంకర ఉందో లేదో చూసే రసమట్టాన్ని రెండు ఇటుకల మీద అడ్డంగా పెట్టి, దాని మీద టీ గిన్నె పెట్టుకోవడానికి చోటు చేసుకున్నాడు. ఆ రసమట్టం గోడను తాకగా తను ఒక్కసారీ చూడలేదు. నాకు ఈయన గురించి ఎంత తెలుసు, అనుకుంది. పలావు పెట్టిన రోజు తిని గంట పడుకుంటాడనీ, నిన్నటి సూపు వేడిచేసి పోసిన రోజు అలిగి, ఆ కోపంలో నాలుగు వరసలు టకటకా వేస్తాడనీ తెలుసు. కూర బాగున్నకొద్దీ గది ఆలస్యమవుతోందనీ, తన చేతివంటే ఈ ఇంటికి స్నానాలగది లేకుండా చేస్తోందనీ తెలుసు. మూల టైల్ కింద సిమెంటు నిండకపోతే బోలుగా మోగుతుందని, తను నేల తుడుస్తూ వేలితో తట్టి తెలుసుకుంది. ఇవన్నీ ఎవరూ అడగలేదు. అడిగినా తనూ నజోకత్ ఆపాలాగే, నాకేం తెలుసు ఆడదాన్ని అనేదేమో. తన భర్త సర్దోర్ మాత్రం పని సగం ఉండగానే, ఆఫీసులో కూర్చుని, మామయ్యకు అయిదు నక్షత్రాలు ఇచ్చేశాడు. "మా ఆవిడ యాప్ కదా, మనం కూడా వాడాలి" అని.

మర్నాడు మీటింగులో మొహిరా గొంతు సవరించుకుంది. "అకా, నక్షత్రాలు తీసేద్దాం. ఒకే ప్రశ్న అడుగుదాం. అదీ యజమానిని కాదు, మేస్త్రీకి భోజనం పెట్టిన మనిషిని."

"ఏమని?"

"ఈ మేస్త్రీకి మళ్ళీ వండిపెడతారా, అని. పెడతాను, పెట్టను. రెండే బొత్తాలు. కావాలంటే పక్కన ఒక మాట రాయొచ్చు."

పది నక్షత్రాల అబ్బాయి పగలబడి నవ్వాడు. "ఆపా, మనది వంటల యాప్ కాదండీ!"

"ఆడవాళ్ళకు గోడల సంగతేం తెలుస్తుంది మొహిరా?" అన్నాడు ఫర్రుఖ్ అకా మెత్తగా.

"గోడల సంగతి అడగడం లేదు కదా అకా. వంట సంగతే అడుగుతున్నాం. గోడ బాగాలేదంటే చాడీ అవుతుంది. మళ్ళీ వండను అంటే అది ఎవరి మీదా చాడీ కాదు. నా చేతులు, నా ఇష్టం."

ఆయన ఆలోచిస్తానన్నాడు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, తమాషాకి, పోయినేడు పైకప్పు వేసిన మేస్త్రీకి మళ్ళీ వండిపెడతావా అని భార్యను అడిగాడట. మర్నాడు కళ్ళు ఎర్రగా, జుట్టు చెదిరి తెర మీద కనిపించాడు. "ప్రశ్న పెట్టండి" అన్నాడు. "మా ఇంటి పైకప్పు సంగతి నాకు నిన్ననే తెలిసింది."

భోజనం పెట్టేవారి నంబరు ఇవ్వమని యజమానులను అడిగితే ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు. అది ఏమంత ముఖ్యమైన సంగతి కాదని వాళ్ళ ఉద్దేశం.

జవాబులు వరదలా వచ్చాయి. "పెడతాను. తిన్న గిన్నె కడిగి బోర్లించి వెళ్ళాడు, ఆయన వేసిన గట్టు కూడా అలాగే ఉంది" అని ఒకావిడ. "మళ్ళీనా? ఇంకా మొదటిసారే అవలేదు" అని ఇంకొకావిడ. "ఆయనకు పెట్టను. ఆయన్ని కన్న తల్లికైతే పెడతాను, పాపం" అని నజోకత్ ఆపా. ఫర్రుఖ్ అకా వాటిని పెట్టుబడిదారుల ముందు చదివి వినిపిస్తే, వాళ్ళు నవ్వి, తర్వాత నవ్వడం ఆపి, మరో ఏడాది నడపమన్నారు. ఒక్క నియమం మాత్రం పెట్టారు. మూడు ఇళ్ళు "పెట్టను" అంటే, ఆ మేస్త్రీ పేరు జాబితాలోంచి తీసేయాలి.

తుర్సున్‌బాయ్ ఉస్తాకు, అంతకుముందు పనిచేసిన ఇళ్ళనుంచి అప్పటికే రెండు వచ్చాయి. మూడో ఇల్లు తమదే.

ప్రశ్న మొహిరా ఫోనుకు వచ్చింది. తను గీసిన బొత్తాలే, తను రాసిన మాటలే. అవి తన వైపే తిరిగి చూస్తుంటే ఎవరో పరాయి మనిషి నిలదీసినట్టుంది.

"ఆలోచించేదేముంది? పెడతానని నొక్కెయ్" అన్నాడు సర్దోర్, సాక్స్ వెతుక్కుంటూ. "ఒక్క నొక్కుడే కదా."

"నిజం చెప్పండి అని ఊళ్ళో ఆడవాళ్ళందరికీ ఫోన్లు చేశానండీ."

"వాళ్ళకు చెప్పావు. వాళ్ళ మేస్త్రీలు మా అమ్మకు తమ్ముళ్ళు కాదు." సాక్స్ దొరకలేదు. "మామయ్య పేరు పోయిందంటే అమ్మ నిన్ను వదిలిపెడుతుందనుకున్నావా? పెళ్ళిళ్ళలో, చావుల్లో, ప్రతిచోటా ఇదే కథ. నా సాక్స్ ఎక్కడ పెట్టావు?"

మొహిరా సాక్స్ చూపించింది. బొత్తాం మాత్రం నొక్కలేదు. అబద్ధం నొక్కితే రేపు ఏ ఇంటావిడతో ఏ ముఖం పెట్టుకుని మాట్లాడాలి? నిజం నొక్కితే ఈ ఇంట్లో ఏ ముఖం పెట్టుకుని తిరగాలి? రెండు ముఖాలూ తనవే, రెండూ ఒకే వంటింట్లో తిరగాలి. రోజంతా ఆ ఫోనును రొట్టెల గుడ్డ కింద బోర్లించి పెట్టింది.

సాయంత్రం అత్తగారు ద్రాక్షపందిరి కింద చెక్క గద్దె మీద కూర్చుని క్యారెట్లు తరుగుతోంది. గద్దెకు ఆ చివర మామగారు దిండుకు ఆనుకుని రేడియో వింటున్నారు.

"మా తమ్ముడి పేరు నీ ఫోన్లో ఉందటగా" అంది మస్తూరా, కత్తి ఆపకుండానే. "సర్దోర్ చెప్పాడు."

మొహిరా రొట్టెల గుడ్డ కిందనుంచి ఫోను తెచ్చింది. ఆవిడ పక్కనే కూర్చుంది. దాచి నొక్కడం కంటే చెప్పి నొక్కడమే నయమనిపించింది. "అవునత్తయ్యా. పెట్టను అని నొక్కుదామనుకుంటున్నాను. మీకు చెప్పకుండా నొక్కలేకపోయాను."

కత్తి ఆగింది.

"ఏమని అడుగుతోంది? చదువు."

"ఈ మేస్త్రీకి మళ్ళీ వండిపెడతారా?"

"టైల్స్ గురించి?"

"ఏమీ అడగదు."

"గది పూర్తయిందా లేదా అని?"

"అదీ అడగదు అత్తయ్యా. ఇదొక్కటే."

మస్తూరా కత్తి పక్కన పెట్టింది. "మా అమ్మ పత్తి ఏరడానికి పోతే వాడికి నేనే వండిపెట్టేదాన్ని. నాకు పదేళ్ళు. పొయ్యి అందేది కాదు, ఇటుక మీద నిలబడేదాన్ని. సూపులో ఉప్పు ఎక్కువైందని గిన్నె నా మీద విసిరాడు ఒకరోజు. మొన్నటికి మొన్న శనగలు ఉడకలేదని మళ్ళీ నాతోనే అంటాడు, నీ కోడలికి వంట రాదక్కా అని." ముక్కు ఎగబీల్చింది. "గది పూర్తిచేయడం రాని వెధవకి శనగలు కావాలా?"

తలగుడ్డ అంచుకు వేలు తుడుచుకుని, ఫోను లాక్కుంది. "ఏది? ఇదా, ఇదా?"

"కింద ఉన్నది పెట్టను. అత్తయ్యా, నేను నొక్కుతాను..."

"నువ్వు నొక్కితే కోడలు నొక్కిందంటారు. నేను నొక్కితే అక్క నొక్కిందంటారు. వాడేం పీక్కుంటాడో నేనూ చూస్తా." నాలుక పళ్ళ మధ్య పెట్టి, గోడకు మేకు దిగేసేంత బలంగా నొక్కింది. మీ జవాబు అందింది అని వచ్చింది తెర మీద. ఆ అక్షరాలను దగ్గరగా, దూరంగా పెట్టి రెండుసార్లు చదువుకుంది. పుట్టి బుద్ధెరిగాక, నీ జవాబు అందింది అని ఆవిడతో ఎవరూ అన్నట్టు లేదు. ముఖం ఒక రకంగా అయింది, నవ్వో ఏమో తెలియలేదు.

"టీ ఏదీ?" అన్నారు మామగారు గద్దె ఆ చివర్నించి, రేడియో మీదనుంచి చూపు తిప్పకుండా.

మొహిరా అలవాటుగా లేవబోయింది. మస్తూరా ఆమె మోకాలి మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. ఆ చివరికి ఒకసారి చూసి, ఫోను మీదకు వంగి, గొంతు బాగా తగ్గించింది.

"ఏమే అమ్మాయ్, ఇది మేస్త్రీల గురించి మాత్రమే అడుగుతుందా?"