ఇంకా రాలేదు, మాస్టారూ

నవంబరు మొదటి ఆదివారం మా సాన్ ఎలాద్యోకి ప్రాణం వస్తుంది. మిగతా రోజుల్లో అది తలుపుల్లేని ఇళ్ళ వరస, ఓ బడి, పైకప్పు ఎగిరిపోయిన నాటకాల హాలు, అంతే. సురేకారం కంపెనీ డెబ్భై తొమ్మిదిలో మూతపడ్డప్పుడు మమ్మల్ని లారీల్లో ఎక్కించి రేవు పట్నాలకు తోలేశారు. పోతూ పోతూ కిటికీ చెక్కలు కూడా ఊడబీక్కుని పోయాం. కాబట్టి ఊరు పాడుబెట్టారని ఇప్పుడు ఎవర్నీ తిట్టే హక్కు మాకు లేదు.

తొంభైలో మొదలుపెట్టి ఏటా ఊరి పండగ చేస్తున్నాం. పొద్దున్నే ఎవరి గుమ్మం ముందు వాళ్ళు ఇసుక ఎత్తిపోసుకుంటాం. డబ్బా గ్లాసుల్లో టీ కాస్తాం, బ్యాండు వాయిస్తారు, గోడలకి పాత ఫోటోలు తగిలిస్తాం. పట్నంలో పుట్టిన మనవలు తాతల టోపీలు పెట్టుకుని, పారలు పట్టుకుని ఫోటోలు దిగుతారు. ఆ పార పట్టే తీరు చూస్తే మా నాన్న నవ్వి చచ్చేవాడు. ఊపిరితిత్తుల నిండా దుమ్ముతో ముందే చచ్చాడు కాబట్టి ఆ అవకాశం లేకపోయింది.

మధ్యాహ్నం హాజరు పిలుస్తారు. పండగ మొత్తానికి జనం వచ్చేది దానికోసమే. మా బడి రిజిస్టర్లలో మిగిలింది ఒక్కటే, యాభై తొమ్మిదో సంవత్సరం, నాలుగో తరగతి. ముప్ఫై ఎనిమిది పేర్లు. దోన్ ఇపోలితో మాస్టారు దాన్ని తన పెట్టె అడుగున దాచుకున్నాడు. కప్పులేని ఆ తరగతిగదిలో అందరం కిక్కిరిసి నిలబడతాం, ముసలాళ్ళకి బల్లలు. పేరు పిలిస్తే, బతికున్నవాడు తనే "హాజరు" అంటాడు. పోయినవాడి తరఫున ఇంటివాళ్ళు అంటారు. ఇంటివాళ్ళెవరూ రాకపోతే అందరం కలిసి అంటాం. చివరికి ముప్ఫై ఎనిమిది మందిలో ముప్ఫై ఏడుగురు హాజరే.

తక్కిన ఒక్కడు మా అన్న నిబాల్దో. వాడి పేరు పిలిచినప్పుడు నేను లేచి నిలబడి, "ఇంకా రాలేదు, మాస్టారూ" అంటాను. తర్వాతి పేరు పిలుస్తారు.

డెబ్భై మూడు అక్టోబరులో, సైన్యం గద్దెనెక్కిన నెలకి, వాణ్ణి తీసుకుపోయారు. వాడికి ఇరవై నాలుగు, కార్మిక సంఘం కార్యదర్శి. నాకు ఇరవై ఒకటి. ఆదివారం పొద్దున, మొహం కడుక్కుంటున్నాడు. నలుగురు సైనికులు వచ్చారు. నాలుగు మాటలు అడిగి పంపిస్తామన్నారు. భుజం మీద తువ్వాలు అలాగే ఉంది, అలాగే వెళ్ళాడు. ఎర్ర చారల తువ్వాలు, మా అమ్మ అంచు కుట్టింది. రేవులో శిబిరానికి వెళ్ళి అడిగితే అలాంటివాడు ఇక్కడికి రానే లేదన్నారు. మా అమ్మ వారం వారం వెళ్ళింది. గేటు దగ్గరి వాళ్ళు మారిపోయారు, ప్రభుత్వం మారిపోయింది, జవాబు మాత్రం మారలేదు.

మొదటి ఆరు పండగల్లో ఆ మాట అన్నది మా అమ్మే. తొంభై ఆరులో మంచాన పడి నా చెయ్యి పట్టుకుంది. "ఎముక చేతికొచ్చేదాకా వాడికి హాజరు పలక్కు, ఓతీలియా. పలికావంటే వాణ్ణి నువ్వు చంపినట్టే." ఇంకేమీ అప్పజెప్పలేదు, అప్పజెప్పడానికి ఏమీ లేదు కూడా. అప్పట్నుంచీ ఆ మాట నాది. టీవీ వాళ్ళు వస్తున్నారు, ఈ ఒక్కసారికి అందరితో పాటు హాజరనేయమ్మా, అని పురపాలక సంఘం నుంచి వచ్చిన ఓ పెద్దమనిషి ఒకసారి అడిగాడు. ఆయన్ని నేను అన్న మాటలు టీవీలో వేయలేదు.

ఇక బెలార్మినో సంగతి చెప్పాలి. వాడూ మా అన్నా ఒకే బల్ల. మా అన్న బడి ఎగ్గొట్టి బంతాటకి పోతే, హాజరు పలికేది బెలార్మినో. గొంతు సన్నగా చేసి, మా అన్న గొంతులాగే. మాస్టారికి తెలియక కాదు. తలెత్తకుండానే, "ఎక్కడున్నాడు మరి?" అని అడిగేవాడు. "దొడ్డికెళ్ళాడు, మాస్టారూ" అనేవాడు బెలార్మినో. రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. ఊరంతటికీ తెలిసిన నవ్వులాట అది.

పెద్దయ్యాక బెలార్మినో కంపెనీలో టిప్పర్ నడిపాడు. రాయి నానబెట్టి సురేకారం తీసేశాక మిగిలే పిప్పిమట్టిని దిబ్బల మీద పోసి రావడం వాడి పని. మా అమ్మాయికి జ్ఞానతండ్రి, బాప్తిస్మం నాడు చేతుల్లో ఎత్తుకున్నవాడు. మాకిద్దరికీ ఆ వరస కాబట్టి నేను వాణ్ణి కొంపాద్రె అంటాను, వాడు నన్ను కొమాద్రె అంటాడు. మా ఆయన పోయినప్పుడు శవపెట్టె ముందు కొస వాడే మోశాడు. ప్రతి ఏడూ మా అన్న పేరు పిలిచేటప్పుడు నా పక్క బల్ల మీద తలొంచుకుని ఉండేవాడు. స్నేహితుడి మీద దిగులనుకున్నాను. దిగులే, కాదనను.

మా ఇద్దరికీ ఒక్కసారే గొడవైంది. ఆరేళ్ళ కిందట. అప్పట్లో బస్సులు పెద్దరోడ్డు మీదే ఆగిపోయేవి, అక్కణ్ణుంచి ఎండలో అరగంట నడక. ఓ ఏడు ఒకావిడ దారిలో కూలబడిపోయింది. ఊరి వాకిట్లో ఉన్న మూడో నంబరు పిప్పిదిబ్బని చదును చేస్తే బస్సులు లోపలిదాకా వస్తాయని నాకు తోచింది. ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించాను. బెలార్మినో పెట్టలేదు.

"నడిస్తే ఏం పోయింది? చిన్నప్పుడంతా నడిచినవాళ్ళమేగా," అన్నాడు.

"నీ మోకాళ్ళు కంపెనీవి కాబోలు, కొంపాద్రె. మావి మా అమ్మలు కన్నవి."

"ఆ దిబ్బ జోలికి వెళ్ళకు, కొమాద్రె. అది కూడా చరిత్రేగా. మన చరిత్ర."

"పిప్పిమట్టి చరిత్రేంటి నీ మొహం."

నెల రోజులు మాట్లాడుకోలేదు. బుల్డోజర్ వచ్చిన రోజు వాడు జ్వరమని రాలేదు. మూడు రోజులు నెట్టారు ఆ దిబ్బని. ముందుకీ పక్కలకీ నెట్టి, పరిచి, రోలరు తొక్కించారు. అప్పట్నుంచీ బస్సులు దానిమీదే ఆగుతున్నాయి. బ్యాండు వాయించారు. రిబ్బను నేనే కత్తిరించాను. ఆ ఫోటో ఏటా నాటకాల హాలు గోడకి తగిలిస్తారు.

ఈ ఏడు పండగకి బెలార్మినోని వాళ్ళావిడ క్లోతిల్దె చొక్కా చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. ఏడాదిగా వాడికి జ్ఞాపకం చెదిరిపోతోంది. పొద్దున బస్సు దిగగానే నన్ను మా అమ్మ పేరుతో పిలిచాడు. నిన్న తిన్నది గుర్తుండదు, యాభై తొమ్మిదిలో బల్ల మీద ఎవరెవరి పేర్లు చెక్కారో వరసగా చెబుతాడు. బస్సు దిగి నేలవైపు చూస్తూ, ఎత్తెత్తి అడుగులు వేస్తూ నడిచాడు. మోకాళ్ళు నొప్పేమో అనుకున్నాను.

ఈసారి రిజిస్టరు చదివింది మాస్టారి కూతురు మిరేయా. ఆమెది అచ్చం తండ్రి గొంతు. ఇంటిపేరు ముందు, పేరు తర్వాత, మధ్యలో బల్ల మీద వేలి కణుపుతో ఒక దెబ్బ. మొదటి పేరు పిలవగానే ముసలాళ్ళందరూ సర్దుకుని నిటారుగా కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను, ఆ తరగతి కాకపోయినా.

"కార్వాహాల్, నిబాల్దో."

లేవడానికి మోకాళ్ళ మీద చేతులు పెట్టాను. ఈ మధ్య లేవడానికి కాస్త టైము పడుతోంది. నేను పూర్తిగా లేచేలోపల పక్కనుంచి సన్నటి గొంతు వినబడింది.

"హాజరు."

బెలార్మినో. చెయ్యి పైకెత్తి ఉంది.

గది గొల్లుమంది. ముసలాళ్ళు బల్లలు చరిచారు. దాచడమెందుకు, నేనూ నవ్వాను. అరవై ఏళ్ళ తర్వాత మా అన్న మళ్ళీ బడి ఎగ్గొట్టి బంతాటకి పోయినట్టు అనిపించింది. మిరేయా కూడా నవ్వు ఆపుకుంటూ, తండ్రిలాగే రిజిస్టరులోంచి తలెత్తకుండా అడిగింది.

"ఎక్కడున్నాడు మరి?"

"బస్సుల కింద, మాస్టారూ."

వెనకవాళ్ళు ఇంకా గట్టిగా నవ్వారు. ఇదేదో కొత్త జవాబని. నేను మాత్రం క్లోతిల్దె వైపు చూశాను. ఆమె నవ్వలేదు. వాడి చొక్కా చేతిని పిడికిట్లో నలిపేస్తూ, "నోర్మూసుకో, నోర్మూసుకో" అంటోంది, చాలా నెమ్మదిగా. ఆమె మొహం చూశాక నాకు ఇంకెవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. దిబ్బ జోలికి వెళ్ళకు కొమాద్రె, అన్న మాట చెవిలో మళ్ళీ వినబడింది.

"లే, కొంపాద్రె," అన్నాను. "చూపిద్దువుగాని పద."

"ఆయనకి మతి లేదు, కొమాద్రె. ఏదో వాగుతున్నాడు," అంది క్లోతిల్దె.

"మతి ఉన్నన్నాళ్ళూ వాగలేదుగా."

చెయ్యి పట్టుకుంటే బుద్ధిగా లేచి వచ్చాడు. గదిలో నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోవడం వెనకనుంచి వినబడుతూనే ఉంది. మిరేయా రిజిస్టరు చంకలో పెట్టుకుని మా వెనక వచ్చింది. సంగతి తెలియక, బ్యాండువాళ్ళు మేం దాటుతుంటే హుషారుగా వాయించారు.

పదకొండు బస్సులున్నాయి. బెలార్మినో ఊరి గేటు స్తంభం దగ్గర ఆగాడు. అక్కణ్ణుంచి పెదాలు కదిలిస్తూ అడుగులు లెక్కపెట్టుకుంటూ, రెండు బస్సుల మధ్యనుంచి వెళ్ళి, ఓ నీలం బస్సు దగ్గర నిలబడ్డాడు. దాని నీడలో డ్రైవరు కూర్చుని ఎంపనాడా తింటున్నాడు. మమ్మల్ని చూసి కాస్త జరిగాడు.

"దిబ్బ అంచు ఇక్కడిదాకా ఉండేది," అన్నాడు బెలార్మినో. ఇప్పుడు చిన్నపిల్లాడి గొంతు కాదు. పనిలో ఉన్న డ్రైవరు గొంతు. "సైనికులు రివర్సులో రమ్మన్నారు. వెనక్కి చూడకు, పొయ్యమన్నప్పుడు పొయ్యి, అన్నారు. వెనక్కి చూడలేదు. ఒట్టు. పక్కన అద్దం ఉంటుంది కదా. అద్దంలో కనబడింది."

"ఏం కనబడింది?"

"తువ్వాలు. ఎర్ర చారలది."

తువ్వాలు సంగతి నేను పత్రికలవాళ్ళకి చెప్పలేదు, కోర్టులో చెప్పలేదు. అదొక్కటీ మా ఇంట్లోనే ఉంచుకున్నాం, నేనూ మా అమ్మా.

"పొయ్యి అన్నారు. పోశాను," అన్నాడు. "ఇంకోటి తెమ్మన్నారు. తెచ్చాను. మొత్తం మూడు."

క్లోతిల్దె నేలమీద కూలబడి ఏడుస్తోంది. "మా పిల్లలు చిన్నవాళ్ళు, కొమాద్రె. చెబితే నిన్నూ ఇక్కడే పూడుస్తామన్నారు ఆయన్ని. తర్వాతేమో, ఇన్నేళ్ళు చెప్పకుండా ఇప్పుడెలా చెప్పడం అని..." ఆమె చెప్పింది నిజమే అయ్యుంటుంది. నాకు జాలి కలగలేదు. మా అమ్మాయిని బాప్తిస్మం తొట్టిలో నీళ్ళ మీదికి ఎత్తి పట్టుకున్న చేతులే టిప్పర్ మీట లాగాయన్నది తప్ప ఇంకేదీ నా తలకెక్కలేదు.

ఇంకోటి కూడా ఎక్కింది, దాన్ని దించుకోలేకపోయాను. వాడు మూడు లోడ్లు పోశాడు. మిగతాది నేను చేశాను. ఇంటింటికీ తిరిగి, సంతకాలు పెట్టించి, ఆ మట్టిని మూడు రోజులు నెట్టించి, రోలరు తొక్కించింది నేనే. ఏ ఎముక ఎటు కొట్టుకుపోయిందో. మా అమ్మ చెప్పిన ఎముక కోసం ఇప్పుడు ఎక్కడని తవ్వాలి? ఆరేళ్ళుగా బస్సు దిగి, మా అన్న మీదే నడుచుకుంటూ వెళ్ళి, గదిలో నిలబడి ఇంకా రాలేదంటున్నాను. వాడు ఊరు దాటి ఎక్కడికీ పోనేలేదు.

"బాబూ, బండి తియ్యి," అన్నాను డ్రైవరుతో.

"ఎక్కడికమ్మా?"

"పెద్దరోడ్డు మీదికి. అందరినీ తియ్యమను."

"ఇంతమంది ముసలాళ్ళు అంత దూరం నడవాలి కదమ్మా."

"నడుస్తారు."

అతను మిరేయా వైపు చూశాడు. ఆమె తలూపింది. ఒక్కొక్క బస్సే స్టార్టయింది. చక్రాలు తిరుగుతున్నప్పుడల్లా వాటి వెంటే చూశాను, ఏ చక్రం ఎక్కడ తొక్కుతోందోనని. పదకొండూ వెళ్ళాక ఎదురుగా చదునైన నేల మిగిలింది, మధ్యలో చమురు మరకలు, ఎవరో పారేసిన కాగితాలు. వంగి కాగితాలు ఏరాను. చేతులకి ఏదో పని కావాలి.

జనం బడిలోంచి బయటికొచ్చి, ఆ నేల అంచున ఆగిపోయారు. ఒక్కరూ దానిమీద కాలు పెట్టలేదు. మిరేయా రిజిస్టరు తెరిచి నా దగ్గరికి వచ్చింది. మా అన్న పేరుకి ఎదురుగా ఉన్న గడి ఎన్నో ఏళ్ళుగా ఖాళీ.

"ఏం రాయమంటావు, ఓతీలియా అక్కా?" అంది.

"ఆగు," అన్నాను. "ఇంకోటి అడగాలి."

బెలార్మినో అక్కడే నిలబడి ఉన్నాడు, చేతులు ప్యాంటుకి ఆనించి, తరగతిలో నిలబడ్డట్టు. కళ్ళు తేటగానే ఉన్నాయి. మళ్ళీ చెదిరిపోయేలోపలే అడగాలి.

"మొదటి లోడు పోసేటప్పుడు అద్దంలో చూశావుగా, కొంపాద్రె. వాడు బతికే ఉన్నాడా?"

మా అన్న ఎక్కడని మాస్టారు అడిగితే, బళ్ళో అందరికంటే ముందు పలికింది వాడే. ఈసారి పలకలేదు. నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. నేను మళ్ళీ అడిగాను.