కార్నర్ జెండా అనుమానాలు

నేను ఒక కార్నర్ జెండాని. ఫుట్‌బాల్ మైదానం మూలన నిలబెట్టే ప్లాస్టిక్ కర్ర, పైన పసుపు గుడ్డముక్క, అంతే నేను. ఎవరినీ తేలిగ్గా నమ్మను. నమ్మడానికి మనుషులు ఏం చేశారు గనక? నన్ను తయారుచేసినవాడే, విరుగుతానో లేదోనని మోకాలికి ఆనించి వంచి చూశాడు. ఇక గోల్ కొట్టిన ప్రతివాడూ పట్టలేని సంతోషంతో పరిగెత్తుకొచ్చి నన్నే తంతాడు.

నా కొలువు ఒహాయో నది ఒడ్డున ఒక ఊళ్లో, ఫెర్రీమెన్ అనే జట్టు దగ్గర. అమెరికాలో రెండో మెట్టు లీగ్‌లో ఆడే జట్టు. సొంత మైదానం లేదు. బేస్‌బాల్ వాళ్ల స్టేడియంలో, వాళ్ల మట్టి మీద గడ్డిచాపలు పరిచి ఆడతారు, ఆట కాగానే చుట్టేస్తారు. ఆ చాపల అతుకు సరిగ్గా నా మూలనే పడుతుంది. మే నెలలో రామిరో ఎడమ కాలు అందులోనే మెలికపడింది.

రామిరో జట్టులో అందరికన్నా పెద్దవాడు. నా మూల నుంచి బంతి కొట్టే కార్నర్ కిక్కులన్నీ అతనివే. ఈసారి ప్లేఆఫ్‌కు చేరితే ఇంకో ఏడాది ఉంచుకుంటానని కోచ్ హాలిస్ అతనికి నా ముందే మాటిచ్చాడు. ఆ రోజు పడి లేచి, ఏమీ కానట్టు నవ్వుతూ చెయ్యి ఊపాడు. నాకు ఆ నవ్వు నచ్చలేదు. అప్పటి నుంచి ప్రతి కిక్కుకు ముందూ నన్ను గట్టిగా పట్టుకుని, తల వంచి, "ఇంకొక్కటి, అంతే. తట్టుకో" అని గొణిగేవాడు. ఎవరితో? అవతలి జట్టుకు సైగలా? అమ్ముడుపోయాడని తేల్చేసుకున్నాను. అలాంటివాడు అమ్ముడుపోతాడా అని మీరంటారు. మనుషుల సంగతి మీకే తెలియాలి.

హాలిస్‌కూ అనుమానం తగిలింది.

"ఏంటయ్యా, ఎప్పుడు చూసినా ఆ జెండా పట్టుకు వేలాడతావు?"

"అలవాటు, కోచ్. కలిసొస్తోంది."

ఏం కలిసొచ్చిందో నాకైతే కనిపించలేదు. గెలుస్తూ ఓడుతూ అక్టోబరుకు చేరాం.

ఆఖరి ఆట. గెలిస్తేనే ప్లేఆఫ్. గోల్స్ సమంగా ఉన్నాయి, ఇంకాసేపట్లో ముగుస్తుందనగా మాకు కార్నర్ దక్కింది. రామిరో వచ్చి నన్ను పట్టుకున్నాడు. ఈసారి ఒంటి బరువంతా నా మీదే వేశాడు. అతని మోకాలు వణకడం నా మొదలుదాకా తెలిసింది. తట్టుకోమని ఇన్నాళ్లూ బతిమాలింది ఆ మోకాలినే! సిగ్గుతో చచ్చిపోయాను. వంగకుండా నిలబడ్డాను. నాకు చేతనైంది అదొక్కటే.

బంతి లేచింది. డిఫెండర్ టోబియాస్ తలతో గోల్ కొట్టాడు. ఆ మహానుభావుడు పరిగెత్తుకొచ్చి ఆనవాయితీ ప్రకారం నన్ను తన్నాడు. మొదలుకంటా విరిగాను. నా పక్కనే రామిరో కూలబడ్డాడు, మళ్లీ లేవలేకపోయాడు. హాలిస్ వచ్చి వాచిన మోకాలు చూశాడు.

"ఎప్పటి నుంచి?"

"మే నుంచి."

"చెప్పొద్దటయ్యా?"

"చెబితే ఆడనిచ్చేవారా, కోచ్?"

ఆ గోల్‌తో గెలిచి ప్లేఆఫ్‌కు చేరాం. హాలిస్ ఇచ్చిన మాట తప్పలేదు, ఇంకో ఏడాదికి కబురు పంపాడు. ఇక ఆ కాలితో ఆట కుదరదన్నది డాక్టరు.

ఇప్పుడు రామిరో ఇంట్లో ఉన్నాను. చెత్తడబ్బాలోంచి నన్ను ఏరుకొచ్చి, నడుమెత్తుకు కోసి, కింద రబ్బరు తొడిగాడు. మెట్లెక్కుతూ ప్రతి మెట్టు దగ్గరా ఆగి, నన్ను గట్టిగా పట్టుకుని, "ఇంకొక్కటి, అంతే. తట్టుకో" అంటాడు. మోకాలితో అంటున్నాడని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. నాతోనేనేమోనని నా అనుమానం.