బేసిన్ మీద చెప్పిన మాట

సుకుమార్ మొదలుపెట్టిన రోజున అతని దగ్గర ఉన్నది రోజుకు ఒకటిన్నర జీబీ డేటా, మూల పగిలిన ఫోను. బీఎస్సీ అయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక, మైపాడు దారిలో రొయ్యల గుంటల మధ్య ఉన్న ప్రైమరీ బడికి వెళ్ళి, లెక్కలు చెబుతానని హెడ్‌మిస్ట్రెస్ కరుణాకుమారి గారిని అడిగాడు. జీతం లేదన్నారు ఆవిడ. ఫరవాలేదన్నాడు.

పొద్దున్నే ఇందుకూరుపేట నుంచి బండి మీద వచ్చేవాడు. సాయంత్రం మిగిలిన డేటాతో, టీచర్లకు ఉచితంగా దొరికే సరంజామా వెతికేవాడు. వాటిలో అతనికి బాగా నచ్చింది అట్టముక్కల పద్ధతి. పిల్లలకు ఫోన్లు అక్కర్లేదు. తలా ఒక నలుపు తెలుపు గళ్ళ అట్ట, దాని నాలుగు అంచులూ నాలుగు జవాబులు. జవాబు ఏదనుకుంటే ఆ వైపు పైకి తిప్పి పట్టుకోవాలి. సుకుమార్ తన ఫోను కెమెరాను క్లాసు మీదుగా ఒకసారి తిప్పితే, ఎవరికి తీసివేత రాలేదో తెలిసిపోయేది. ఒకరి గళ్ళలా ఇంకొకరివి ఉండవు కాబట్టి కాపీ కొట్టే వీలు లేదు.

పిల్లలు ముచ్చటపడి ఆ అట్టలు ఇళ్ళకు తీసుకుపోయారు. మర్నాడు ఒక్కటీ తిరిగి రాలేదు.

ఆ బళ్ళోనే చదివే వెన్నెల నాయనమ్మ వెంకటశేషమ్మ అట్టను చూడగానే గుర్తుపట్టింది. అంగట్లో డబ్బులు కట్టడానికి స్కాన్ చేసే బొమ్మలాగే ఉంది. అది చూపిస్తే చాలు, అకౌంట్లో దుడ్లు లాగేస్తారని వీధి వీధంతా చెప్పింది. అట్టలన్నీ బియ్యం డబ్బాల కిందికీ, పసుపు డబ్బాల వెనక్కీ పోయాయి. ఆ ఊరి భయం ఊరికే వచ్చింది కాదు. ఒకప్పుడు ఎవరో వచ్చి మొదటి పంటకు సీడ్, అంటే రొయ్య పిల్లలు, ఉచితంగా ఇచ్చారు. మూడో పంటకల్లా గుంటలే వాళ్ళవయ్యాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే నెల్లూరు నుంచి విజయభాస్కర్ అనే ఆయన ఫోన్ చేశాడు. వాళ్ళ కంపెనీ యాప్ పిల్లలకు పూర్తిగా ఉచితం. తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు ఇస్తే చాలు. ఇరవై కుటుంబాలు చేరితే సుకుమార్‌కు నెల్లూరు ఆఫీసులో ఉద్యోగం. సుకుమార్ మనసులోనే లెక్క కట్టాడు. ఇరవై ఆరు మంది పిల్లల్లో ఇరవై, అంటే డెబ్బై ఏడు శాతం. కష్టమే, అయినా కాని పని కాదు. యాప్ సంగతి కరుణాకుమారి గారికి చెప్పాడు. ఉద్యోగం సంగతి చెప్పలేదు.

శుక్రవారం బడి వదిలాక, అట్టల సంగతి తేల్చుకోవడానికి తల్లులంతా వరండాలో కూర్చున్నారు. వెంకటశేషమ్మ సత్తు బేసిన్‌లో ఉప్పు కాలవ నీళ్ళు పోసుకుని తెచ్చింది.

ఆ వైపు ఊళ్ళల్లో సీడ్‌ను చూసినట్టే మాటనూ చూస్తారు. గుంటలో వదిలేముందు రొయ్య పిల్లల్ని బేసిన్‌లో పోసి, చేత్తో నీళ్ళు గిర్రున తిప్పుతారు. సత్తువ ఉన్నవి ఎదురీది అంచున నిలబడతాయి, లేనివి మధ్యలో కుప్పపడతాయి. మాటైనా అంతే. వంగి చెబితే ఒక్కో మాటా రొయ్య పిల్లై నీళ్ళల్లో పడుతుంది, గాజులాంటి ఒళ్ళూ, రెండు నల్లచుక్కల కళ్ళూ. పెళ్ళి మాటైనా గుంట కౌలైనా తిప్పి చూడందే ఎవరూ ఒప్పుకోరు. సుకుమార్ వాళ్ళమ్మ కూడా చీటీ కట్టేముందు తిప్పి చూసిన మనిషే.

"ఈ అట్టలకు మీ నంబరూ వద్దు, మీ డబ్బూ వద్దు," అని సుకుమార్ నీళ్ళకు చెప్పాడు.

వెంకటశేషమ్మ గట్టిగా తిప్పింది. మాటలన్నీ ఎదురీది అంచును పట్టుకున్నాయి. ఆమె నమ్మకం కుదరక మళ్ళీ తిప్పింది. ఒక్కటీ అంచు వదల్లేదు.

ఆ ఊపులో సుకుమార్ రెండో మాటా చెప్పేశాడు. "ఇంకో యాప్ ఉంది. అదీ ఉచితమే. నేను చెప్పేదంతా పిల్లల కోసమే."

ఈసారి సగానికి పైగా మధ్యలో కుప్పపడ్డాయి.

"ఇంకా ఏందో చెప్పలా నువ్వు," అంది వెంకటశేషమ్మ.

సుకుమార్ తల వంచుకుని ఉద్యోగం సంగతంతా చెప్పాడు. కరుణాకుమారి గారు కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటూ కూర్చున్నారు.

"ఉద్యోగం కావాలంటే తప్పేముంది సారూ. దానికి మా పిల్లోళ్ళ పేరెందుకు చెప్పినావు?" అంది వెంకటశేషమ్మ. మళ్ళీ తనే, "సరేలే. ఇరవై నంబర్లు మేమే ఇస్తాం. ఆయనకు ఫోన్ జెయ్యి. స్పీకర్ పెట్టు," అంది.

సుకుమార్ ఫోనును నీళ్ళ మీద పట్టుకున్నాడు. విజయభాస్కర్ గొంతు హుషారుగా వచ్చింది. "నంబర్లు పంపించేయండి సుకుమార్ గారూ. మీ జాబ్ నా బాధ్యత. సోమవారమే జాయిన్ అయిపోండి."

మాటలు బలంగా, నిగనిగలాడుతూ పడ్డాయి. వెంకటశేషమ్మ వేలితో మెల్లగా కదిపింది, అంతే. ఒక్కటైనా తోక ఆడించకుండా అన్నీ మధ్యకు చేరాయి. ఆమె వాటిని దోసిటతో ఎత్తి వాకిట్లో పోసింది. ఒక కోడి పరిగెత్తుకొచ్చి చూసి, ముట్టకుండా వెళ్ళిపోయింది.

విజయభాస్కర్ ఇంకా హలో హలో అంటూనే ఉన్నాడు. సుకుమార్ ఫోన్ కట్ చేశాడు.

తల్లులు ఇళ్ళకు వెళ్ళి అట్టలు తెచ్చారు. వెన్నెల అట్ట ఎండుచేపల వాసన కొడుతోంది. కరుణాకుమారి గారు వాటిని సర్దుతూ, రేపు ఇందుకూరుపేటలో మండలం టీచర్లందరికీ మీటింగ్ అనీ, కొత్త యాప్‌లు చూపించేవాళ్ళు ఐదారుగురు వస్తున్నారనీ చెప్పారు. "అన్నీ ఉచితమేనంట," అన్నారు, అతని వైపు చూడకుండా.

సుకుమార్ ఒక్క క్షణం ఆలోచించాడు. యాప్‌కు రెండు లీటర్ల నీళ్ళు వేసుకున్నా ఆరింటికి పన్నెండు లీటర్లు. పదిహేను లీటర్ల క్యాన్ బండి వెనక పడుతుంది. బళ్ళో ఉన్న క్యాన్ తీసుకుని కాలవ దగ్గరికెళ్ళి నింపుకొచ్చాడు.

"అవ్వా, బేసిన్ రేపొక్కరోజు ఇస్తావా? సాయంత్రానికి తెచ్చిస్తా."

వెంకటశేషమ్మ అతన్ని కిందనుంచి పైదాకా చూసింది. బేసిన్ అతని ముందుకు జరిపింది.

"ఆ మాట దీనికి చెప్పు."

సుకుమార్ చొక్కా చేతులు మడుచుకుని, నీళ్ళ మీదికి వంగాడు.