కొలబద్ద గారి బొటనవేలు

మా తమ్ముడు బీమా ఏజెంటు. మా ఇంటికి భోజనానికి వచ్చాడంటే, చేతులు కడుక్కునేలోపే ఇంట్లో ఎవరికి ఏ ఆపద రాసిపెట్టి ఉందో చూసేస్తాడు. మెట్లు కనిపిస్తే కాలు విరగడం, పొయ్యి కనిపిస్తే ఇల్లు తగలబడడం వాడికి కళ్ళకు కట్టినట్టు కనిపిస్తాయి. మిగతావాళ్ళకు వాడు కనిపిస్తే ఉన్నట్టుండి పని గుర్తుకొస్తుంది.

మా ఆయనకు సెలూను ఉంది. రెండు కుర్చీలు, గోడ నిండా అద్దం, వచ్చినవాళ్ళు కూర్చోడానికి ఒక బెంచీ. రెండో కుర్చీ ఎప్పుడూ ఖాళీయే. ఎవరిని పనిలో పెట్టుకున్నా వారం తిరక్కుండా ఆయనకు దండం పెట్టి వెళ్ళిపోయేవారు. రెండు చెంపల మీదా జుట్టు సమంగా రాకపోతే ఆయనకు అన్నం సహించదు. అందుకే వీధిలో అందరూ ఆయన్ని కొలబద్ద అంటారు. దారిన పోయేవాణ్ణి ఆపి, "ఎవరు చేశారయ్యా నీకు, ఎడమ వైపు పైకి పోయింది" అని లోపలికి పిలిచి, ఊరికే సరిచేసి పంపిన రోజులున్నాయి. ఎందుకీ ధర్మకార్యాలని నేను మొత్తుకుంటే, "వాడలా తిరుగుతుంటే నాకు నిద్రపట్టదే" అనేవారు.

అలాంటి మనిషికి మా తమ్ముడు ఒకేసారి రెండు పాలసీలు అంటగట్టడానికి వచ్చాడు.

"బావా, మొదటిదేమో నీ చెయ్యి పనిచేయకపోతే నీకు నెలనెలా డబ్బిస్తుంది. రెండోది, నీ చేత్తో ఎదుటివాడిది ఏదైనా తెగితే వాడికి డబ్బిస్తుంది."

"అంటే నా చెయ్యి పనిచేసినా ప్రమాదమే, పనిచేయకపోయినా ప్రమాదమేనా?"

"అబ్బ, ఎంత బాగా చెప్పావు బావా! ఈ మాట నేను అందరికీ చెప్పుకుంటాను."

ఆయన లేచి వెళ్ళిపోయారు. సంతకం నేను పెట్టించాను. పిల్లల ఫీజులు, షాపు అద్దె, మా అత్తగారి మందులు, అన్నీ ఆ ఒక్క కుడిచేతి మీదే నడుస్తున్నాయని నాకు తెలుసు. తమ్ముడి మాటల్లో ముప్పాతిక భాగం ఊక అని కూడా తెలుసు. ఆ మిగిలిన పావుకే భయపడ్డాను.

ఒక వానాకాలం పొద్దున షాపు షట్టరు ఎత్తుతుంటే అది జారి ఆయన కుడిచేతి మీద పడింది. డాక్టరు కుట్లు వేసి, నరం తెగిందని, బొటనవేలు ఇక సరిగా వంగదని చెప్పాడు. కత్తెర ఆడించేది ఆ వేలే.

"వారం పోతే అదే సర్దుకుంటుంది" అన్నారు ఆయన. ఆ వారం వెళ్ళింది, దాని వెనక చాలా వారాలు వెళ్ళాయి. ఎవరు పలకరించినా అదే మాట. షాపు యజమాని మాత్రం రోజూ వచ్చి ఆయన ఆరోగ్యం గురించి ఎంతో ప్రేమగా అడిగి, అద్దె సంగతి కూడా అడిగి వెళ్ళేవాడు.

కంపెనీకి అర్జీ పెట్టాం. చెయ్యి నిజంగా పోయిందా, లేక మేం నాటకాలాడుతున్నామా అని తేల్చడానికి వాళ్ళు ఒక తనిఖీ అధికారిని పంపిస్తామన్నారు. అప్పుడు మొదలైంది మా తమ్ముడి శిక్షణ.

"బావా, నాటకం అక్కర్లేదు. ఉన్నదే చెప్పు. 'నేనిక కటింగు చేయలేను' అను, అంతే."

"చేయలేనని ఎందుకనాలి? కొంచెం బిగుసుకుంది, అంతే కదా?"

మా ఖర్మ చూడండి. లేని రోగం ఉందని చెప్పి డబ్బు కొట్టేసేవాళ్ళున్న లోకంలో, ఉన్న రోగం లేదనే మనిషి నాకు దొరికాడు. ఆయన ఆ ఒక్క మాట అంటే ఇల్లు నిలబడుతుంది. ఆ మాట తప్ప ఆయన అన్నీ అంటారు.

తనిఖీ అధికారి షాపులోనే చూస్తానన్నాడు. లోపలికి అడుగుపెట్టగానే నా గుండె గుభేలుమంది. చేతిలో కాగితాలు చూసి కాదు, తల చూసి. ఒక చెంప మీద జుట్టు చెవి సగం దాకా ఉంది, రెండో చెంప మీద చెవి పైకి పారిపోయింది.

"చెయ్యి ఎలా ఉందండీ?"

"నిక్షేపంలా ఉంది" అన్నారు మా ఆయన.

తమ్ముడు దగ్గాడు. నేను ఆయన కాలు తొక్కాను.

"పని చేయగలరా?"

"ఊహ తెలిసినప్పటి నుంచీ చేస్తున్న పని. ఎందుకు చేయలేను?"

అధికారి ఉత్సాహంగా రాసుకుంటున్నాడు. మా ఆయనకు అదేమీ పట్టలేదు, ఆ తల వైపే చూస్తున్నారు. "ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఈ కటింగు ఎవరు చేశారండీ?"

"మా ఆవిడ. ఖర్చు తగ్గుతుందని."

"ఆవిడకి మీ మీద ఏదైనా కోపమా?"

"ఏం, బాలేదా?"

"కూర్చోండి, సరిచేస్తాను."

అధికారి ముఖం వెలిగిపోయింది. చేయలేనని అర్జీ పెట్టుకున్న మనిషి, చేస్తానంటూ తనే కుర్చీ చూపిస్తున్నాడు. గబుక్కున వెళ్ళి కూర్చుని, మా తమ్ముడితో, "వీడియో తీయండి" అన్నాడు. ఎదుటివాడు కంపెనీ మనిషి కావడంతో వాడూ బుద్ధిగా ఫోను తీశాడు. "వద్దండీ" అని నేను అంటూనే ఉన్నాను. ఆయన అప్పటికే మెడకు గుడ్డ కట్టేశారు.

మొదటి కోత బాగానే పడింది. రెండోదానికి కత్తెర పక్కకు ఒరిగింది. మూడోదానికి అధికారి కెవ్వుమన్నాడు. చెవి అంచు తెగి, తెల్లగుడ్డ మీద రక్తం బొట్లు బొట్లుగా పడింది.

నేను దూది కోసం పరిగెత్తాను. మా ఆయన ఆ చెవిని చూడలేదు, తన చేతిని చూసుకుంటున్నారు. బొటనవేలు కత్తెరలోంచి బయటికొచ్చి నిటారుగా నిలబడి ఉంది. కత్తెర నెమ్మదిగా అద్దం ముందు పెట్టి, వెళ్ళి బెంచీ మీద కూర్చున్నారు. షాపు తెరిచిన రోజు నుంచి ఆయన ఆ బెంచీ మీద కూర్చోగా నేను చూడలేదు.

"నా వల్ల కాదే" అన్నారు.

ఇన్నాళ్ళూ ఏ మాట కోసం ఆయన్ని సతాయించానో ఆ మాటే. విన్నాక మళ్ళీ ఆయన నోట్లోకే తోసేయాలనిపించింది. ఏడుపొచ్చింది.

"భయపడకండి సార్!" అంటున్నాడు మా తమ్ముడు అధికారితో, వీడియో ఆపకుండానే. "బావకి రెండో పాలసీ కూడా ఉంది!"

మర్నాడు చెవికి కట్టుతో అధికారి మా ఇంటికొచ్చాడు. చాలా ఇబ్బందిలో ఉన్నాడు పాపం. చెవికి డబ్బు రావాలంటే, కొలబద్ద గారు వృత్తి చేస్తుండగా తెగిందని రాయాలి. వృత్తి చేస్తున్నాడని రాస్తే మొదటి పాలసీ డబ్బు రాదు. చేయలేడని రాస్తే, చేయలేనివాడి కత్తెర కింద తల పెట్టిన ఘనుడెవరని పైవాళ్ళు అడుగుతారు.

"వృత్తి చేస్తున్నారనే రాసుకుంటే నాకు సులువు" అన్నాడు.

"మీ ఇష్టం" అన్నాను. "కానీ వీడియో మా తమ్ముడి దగ్గరుంది. తనిఖీకి వచ్చిన మనిషి డ్యూటీలో ఊరికే కటింగు చేయించుకోవచ్చేమో, మీ పైవాళ్ళనే అడుగుదామా?"

అతను కాసేపు కట్టు తడుముకున్నాడు. తర్వాత చెవికి ఇంట్లో తలుపు తగిలిందని, మా ఆయన చెయ్యి పనికిరాదని తాను స్వయంగా పరీక్షించానని రాశాడు. ఇంత నిక్కచ్చి పరీక్ష ఆ కంపెనీలో ఎవరూ చేసి ఉండరు.

డబ్బు మంజూరైంది. దాంతోపాటు షరతులూ వచ్చాయి. మా ఆయన కటింగు చేయకూడదు, నేర్పకూడదు, సలహా ఇవ్వకూడదు. నోరు కూడా పనిముట్టేనని కంపెనీ వారి ఉద్దేశం. ఇవి పాటిస్తున్నారో లేదో నెలనెలా వచ్చి చూస్తారట.

ఆ డబ్బు ఇంటికి సరిపోతుంది, షాపు అద్దెకు చాలదు. అందుకని కత్తెర నేను పట్టాను. ఇంట్లో తలుపులు మూసి ఆయన నేర్పారు. నేర్చుకోవడానికి ఒక తల కావాలి కదా, మా తమ్ముడిది తీసుకున్నాం. పాలసీ ఇప్పించిన పుణ్యానికి వాడు రెండు నెలలు టోపీ పెట్టుకుని తిరిగాడు.

నెల తిరగ్గానే అధికారి షాపుకు వచ్చాడు. చెవి మానింది, జుట్టు పెరిగింది. చూడడానికి వచ్చినవాడు ఎలాగూ వచ్చాను కదా అని కుర్చీలో కూర్చున్నాడు. నేను చేశాను. ఎడమ వైపు పైకి పోయింది. అద్దంలో చూస్తే మా ఆయన బెంచీ అంచుకు వచ్చి కూర్చుని ఉన్నారు.

అధికారి తల అటూ ఇటూ తిప్పి, ఆయన వైపు తిరిగాడు. "మీరు చెప్పండి మాస్టారూ. రెండు వైపులా సమంగా వచ్చిందా?"

కావాలనే అడిగాడో, మామూలుగానే అడిగాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన పెదవులు కదిలాయి. చూపు ఆ ఎడమ చెంప మీదే ఉంది.

"నాకు తెలియదండీ" అన్నారు. "అవన్నీ నాకు తెలియవు."

అధికారి తృప్తిగా రాసుకుని వెళ్ళిపోయాడు. అతను వీధి మలుపు తిరిగేదాకా మా ఆయన గుమ్మంలో నిలబడి ఆ తలనే చూశారు.

ఆ పూట తమ్ముడు భోజనానికి వచ్చి, డబ్బు పడిందని చెప్పి, రెండోసారి వడ్డించుకున్నాడు. మా ఆయన అన్నం ముట్టలేదు. చాలాసేపు తర్వాత ఎడమచేత్తో వాడి టోపీ తీసి, గడ్డం పట్టుకుని ముఖాన్ని దీపం వైపు తిప్పారు.

"ఎడమ వైపు పైకి పోయింది" అన్నారు, నాతో.

నేను లేచి వీధి తలుపు గడియ వేసి, కత్తెర తెచ్చాను.