పెద్దక్కకు జ్వరం

మా ప్రెస్సు మిషన్‌ను అందరూ పెద్దక్క అంటారు. పద్దెనిమిదేళ్లుగా దాని మీద డబ్బా మూతలు కొడుతున్నాను. దాని మూలుగు వింటే చాలు, ఎక్కడ నూనె వేయాలో చెప్పేస్తాను. అలాంటిదానికి మా కోడలు బిళ్లల్లాంటి సెన్సర్లు అతికించింది. ఆమె ఈ ఫ్యాక్టరీలోనే ఇంజినీరు. ఏ మిషన్ ఎంత వేడిగా ఉందో, ఎంత అదురుతోందో ఎప్పటికప్పుడు తెరమీద చూస్తుంది. ఇంట్లో ఆమె నా మాట వింటుంది, ఇక్కడ నేను ఆమె మాట వినాలి. ఒళ్లు మండదా మరి.

వారం తిరక్కుండా తెరమీద పెద్దక్క ఎర్రబడింది. మోటారు రోజూ వేడెక్కుతోందట. మేనేజరు వచ్చి, "దీన్ని తీసేద్దామమ్మా. సోమవారం నుంచి మీరు ప్యాకింగ్‌లో చేయండి" అన్నాడు.

"నిన్నగాక మొన్న వచ్చిన ఈ బిళ్ల మాట నమ్ముతారా?" అని కోడలి మీద ఎగిరిపడ్డాను.

కోడలు కోప్పడలేదు. తెర నావైపు తిప్పింది. "చూడండి అత్తయ్యా. రోజూ పదకొండుకి వేడి పెరుగుతోంది, ఒంటిగంటకి తగ్గిపోతోంది. నిన్న మాత్రం అసలు పెరగలేదు. ఎందుకో మీకేమైనా తెలుసా?"

నిన్న నేను భోజనం డబ్బా ఇంట్లో మరిచిపోయి క్యాంటీన్‌లో తిన్నాను. నాలుక కరుచుకున్నాను. ఇన్నేళ్లుగా పదకొండు కాగానే మోటారు మీద గుడ్డ మడతేసి, దానిమీద నా డబ్బా పెడుతున్నాను, తినే వేళకి వెచ్చగా ఉంటుందని. ఆ గుడ్డ మోటారు గాలి కన్నాలను మూసేస్తోంది. మిషన్ మీద ఏమీ పెట్టకూడదని గోడకు బోర్డుంది. కొత్తవాళ్లకు దాన్ని చదివి వినిపించేది కూడా నేనే.

చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే పెద్దక్క పోతుంది.

"నా డబ్బా వల్లే" అన్నాను, మేనేజరుకు కూడా వినపడేలా.

ఆయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఆరోజు డబ్బాను బల్లమీదే ఉంచి, ముగ్గురం ఒంటిగంట దాకా తెర ముందు నిలబడ్డాం. వేడిని చూపే గీత పైకి కదల్లేదు. పెద్దక్క నా దగ్గరే ఉండిపోయింది. రోజూ రెండు గంటలు దానికి ఊపిరాడకుండా చేశానని మాత్రం చాలా బాధేసింది.

మర్నాడు కోడలు నాకు వేడి నిలిచే డబ్బా కొనిపెట్టింది. అప్పటినుంచి ఒంటిగంట దాటితే చాలు, ఆమె దగ్గర్నుంచి ఫోన్ వస్తుంది.

"తిన్నారా అత్తయ్యా? ఇప్పుడు తెరమీద తెలియట్లేదు."