పండగ ఉత్తరంలో ఆఖరి వాక్యం

ఫోను పెట్టేసి ప్రయూన్ గారు కుర్చీలోంచి లేచి రెండు చేతులూ పైకెత్తారు.

"పట్టేసింది! ఏడో గ్రీన్ గడ్డి వేళ్లు పట్టేసింది! బ్యాంకాక్‌లోని గడ్డి నిపుణుడు సరే అన్నాడు. రేపే తెరుచుకోవచ్చట!"

పెచబురి ఊరి చివర, తాటిచెట్ల మధ్య ఉన్న గోల్ఫ్ క్లబ్బుకు ఆయన మేనేజరు. గుంట చుట్టూ నున్నటి గడ్డి ఉండే ఏడో గ్రీన్‌ను కొత్తగా నాటడానికి మూసి, ఎనిమిది నెలలుగా ఆ ఆటను పక్కనున్న గరుకు నేల మీద ఆడిస్తూ, సభ్యుల చేత తిట్లు తింటున్నది ఆయనే. పక్క బల్ల దగ్గర ముక్ చప్పట్లు కొట్టింది. ఆ పిల్లకు పెళ్లయి మూడు వారాలైంది. ఈ మధ్య ప్రింటరులోంచి కాగితం ఇరుక్కోకుండా బయటికొచ్చినా చప్పట్లు కొడుతోంది.

"మంచిదండీ," అంది సుమాలి.

ఆమె కంప్యూటరు తెర మీద సభ్యులకు పంపాల్సిన సొంక్రాన్ నీళ్ల పండగ ఉత్తరం సగంలో ఉంది. 'ఏడో గ్రీన్ రేపటి నుంచి తెరుస్తున్నాం' అని ఒక వాక్యం చేర్చింది.

ఆ గడ్డిని పోచపోచగా నాటించింది సుమాలి భర్త బున్‌లెర్త్. ఇరవై రెండేళ్లుగా ఆ క్లబ్బులో గడ్డి మేస్త్రీ. ఫిబ్రవరి ఇరవై ఆరున పొద్దున్నే, నీళ్ల గొట్టం చేతిలో ఉండగానే ఆ గ్రీన్ పక్కన పడిపోయాడు. గుండె. నలభై మూడు రోజులైంది. పళ్ల డాక్టరు సూది వేశాక పెదవి ఎలా ఉంటుందో, అప్పట్నించీ సుమాలికి ఒళ్లంతా అలా ఉంది. ఆఫీసుకు వస్తుంది, ఫోన్లు ఎత్తుతుంది, ఇంటికెళ్లి మొక్కలకు నీళ్లు పోస్తుంది. అందరూ ఆయన గురించి చెబుతారు, ఆమె తలూపుతుంది. ఆయన లేడన్న మాట ఇంతవరకు తన నోటితో అనలేదు. ఆస్పత్రి కాగితాల పనీ, గుడిలో చెప్పాల్సిన పనీ తమ్ముడే చూసుకున్నాడు.

ఏటా ఉత్తరం ఒకటే. పోయినేటిది తెరిచి తేదీలు మార్చడమే. వేసవి పండగ శుభాకాంక్షలు, క్యాంటీను వేళలు, సెలవు మీద ఊళ్లకెళ్లే, ఆటగాళ్ల సంచులు మోసే కేడీల పేర్లు. పదకొండింటికి సుమాలి దాన్ని ఆరువందల నలభై మంది సభ్యులకు పంపేసింది.

పది నిమిషాలకే జవాబులు మొదలయ్యాయి. ముక్ హుషారుగా పైకి చదవడం మొదలుపెట్టింది.

"'ఏడో గ్రీన్‌కి అభినందనలు'... ఇదిగో ఇంకోటి, 'ఈసారైనా క్యాంటీనులో మంచి మామిడిపండు పెట్టించండి'... 'బున్‌లెర్త్, నీ గ్రీన్ జోలికి రాము లేవయ్యా, నువ్వు...'"

ముక్ ఆగిపోయింది.

సుమాలి ఉత్తరాన్ని మళ్లీ తెరిచి కిందికి జరిపింది. చిట్టచివర, ఏటా సభ్యులు ఎదురుచూసే వాక్యం ఉంది: 'పండగ నీళ్లు మనుషుల మీద పోసుకోండి. నా గ్రీన్ల మీద నేను పోసుకుంటాను. — బున్‌లెర్త్.'

తేదీలన్నీ మార్చింది. దాన్ని మార్చలేదు.

ఫోను మోగింది. దహనానికి వచ్చి వెళ్లిన ముసలి డాక్టరు గారు. "ఏమిటమ్మా ఇది, బున్‌లెర్త్ పేరుతో ఉత్తరమొచ్చింది?" అన్నారు. "పొరపాటైందండీ," అని పెట్టేసింది. ఆ వెంటనే ఎవరో గేటు దగ్గర బున్‌లెర్త్ కోసం మామిడిపళ్ల బుట్ట దింపి వెళ్లారని కబురొచ్చింది. వాళ్లకు తెలియదు కాబోలు.

ప్రయూన్ గారు నుదురు తుడుచుకుంటూ వచ్చారు. "క్లబ్బు అధ్యక్షుడు గారు నన్ను వాయించేస్తున్నారు. ఇంకో ఉత్తరం పంపాలి సుమాలీ, సాయంత్రం లోపల. ముక్ రాస్తుంది. నువ్వు ఇంటికెళ్లు."

"నేనే రాస్తాను."

"పంతమెందుకు చెప్పు?"

"పంతం కాదండీ. నా పొరపాటు."

రాయడానికి కూర్చుంది. 'బున్‌లెర్త్' అని కొట్టింది. ఆ పక్కన గీత ఆరుతూ వెలుగుతూ ఉంది. ఒంటిగంట దాకా అంతే ఉంది.

ముక్ భోజనం తెచ్చి బల్ల మీద పెట్టింది. మల్లెపూలు వేసి ఉంచిన నీళ్లలో అన్నం, మీద ఐసు ముక్కలు, పక్కన వేయించిన రొయ్యల ముద్దలు.

"మా అత్త చేసిందక్కా. పూలు నేనే కోశాను, గోడెక్కి. మా ఆయన కింద నుంచుని, పడితే పట్టుకుంటానని ఒకటే నవ్వు. తిను, రెండు ముద్దలు."

సుమాలి తింది. చల్లగా ఉందని తెలిసింది. వాసన తెలిసింది. అంతకు మించి ఏమీ లేదు.

అప్పుడే తావిన్ తలుపు తోసుకుని వచ్చాడు. పద్దెనిమిదేళ్లు బున్‌లెర్త్ కింద పనిచేసి, ఇప్పుడు ఆ పని చూస్తున్నవాడు. చేతిలో, గ్రీన్ మీద బంతి పడే హోలు కోసే ఇనుప గొట్టం ఉంది.

"పిన్నీ, రేపు ఏడో దాంట్లో హోలు ఎవరు కోస్తారు?"

"రోజూ కోసేది నువ్వేగా."

"మిగతా పదిహేడు గ్రీన్లూ వేరు. రోజూ కొత్త చోట కోస్తాం, అందులోంచి వచ్చిన గడ్డిముద్దని నిన్నటి హోల్లో కూరతాం. అయిపోద్ది. దీంట్లో నిన్నటి హోలేదీ? ముద్ద మిగిలిపోద్ది. దాన్నేం చెయ్యాలో నాకు తెలీదు. పారేస్తే బాబాయి ఊరుకుంటాడా? ఆయన్నే అడగాలి."

"అడగడానికి ఆయన ఎక్కడున్నాడు తావిన్? చచ్చిపోయాడు కదా," అంది సుమాలి.

మామూలుగానే అంది, క్యాంటీను మూసేశారు కదా అన్నట్టు. సుమాలికి తన మాట తనకే ఇంకోసారి వినబడింది. తర్వాత గిన్నె పక్కకు జరిపి, తెరవైపు తిరిగి కొట్టడం మొదలుపెట్టింది. ఎక్కడా ఆగలేదు.

ప్రయూన్ గారు ఆమె భుజం మీదుగా వంగి చదివారు.

'పొద్దున పంపిన ఉత్తరంలో ఆఖరి వాక్యం పోయినేటిది. తీసెయ్యడం మరిచింది నేను. బున్‌లెర్త్ ఫిబ్రవరి ఇరవై ఆరున చనిపోయాడు. ఏడో గ్రీన్ గడ్డి ఆయన నాటిందే. రేపు పొద్దున ఆరింటికి అందులో మొదటి హోలు కోస్తాను. చూడాలనుకున్నవాళ్లు రండి. బూట్లు గట్టు మీదే విప్పాలి. — సుమాలి, బున్‌లెర్త్ భార్య.'

"నువ్వు కోస్తావా?" అన్నారాయన. "ఎప్పుడైనా కోశావా అసలు?"

"ఆదివారాలు ఆయన వెంట వెళ్లి బకెట్టు పట్టుకునేదాన్ని. ఆయనకు నడుం పట్టేసినప్పుడు రెండుసార్లు నేనే కోశాను. మీకు చెప్పలేదు."

"ఆ రెండు రోజులూ ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదే!"

"ఎందుకు చేస్తారండీ? ఆయన కన్నా నిటారుగా కోశాను."

తావిన్ ఫక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నాడు. సుమాలి నవ్వలేదు. ఉత్తరం పంపే బొత్తాం నొక్కి, వెళ్లిందో లేదో చూసుకుంది.

"గొట్టం అంచుకి నూనె రాసి ఉంచు తావిన్. ఐదింటికి మా ఇంటికి వచ్చి నన్ను బండి ఎక్కించుకో."

"మరి ముద్ద, పిన్నీ?"

"ఇంట్లో మట్టి కుండీ ఒకటి ఖాళీగా ఉంది. రేపు తెస్తాను."