చుక్కలు కనబడని పందిరి

గిరిజను చూసి పోదామని వచ్చాను. కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి, జర్మనీలోనే ఉండిపోయాను. గిరిజ నా కూతురు. మ్యూనిక్‌లో యూదు ముసలివాళ్లు ఉండే హోమ్‌లో నర్సు.

ఆ ఏడు సెప్టెంబరు చివర, మ్యూనిక్ పక్కన గార్చింగ్‌లో ఉన్న ఇంటికి వచ్చి బూట్లు విప్పుతూనే అడిగింది.

"నాయినా, పందిరేస్తవా?"

"ఎవల పెండ్లే?"

"పెండ్లి కాదు. మా హోమ్ల పండుగ. వాళ్ల పెద్దలు ఎడారిల గుడిసెలల్ల బతికిన్రంట. అది యాది చేసుకుంటందుకు వారం దినాలు పందిరి కింద కూసోని తింటరు. ఏటా వేసేటాయన కరోనాకు భయపడి రానన్నడు."

నేను బడి మొహం చూడలేదు. పందిళ్లు వేయడమే నా బతుకు. సరేనన్నాను.

మూతికి మాస్కు పెట్టుకుని హోమ్ పెరట్లో గుంజలు పాతుతుంటే, వీల్‌చైర్‌లో ఒక ముసలమ్మ దూరంగా కూర్చుని చూస్తూ ఉంది. పేరు ఫైనా. గిరిజ పిలవడం విని నా పేరే 'నాయినా' అనుకుంది. నాకన్నా బాగా పెద్దది, అయినా నాయినా అని పిలిచి ఏదో అంది.

గిరిజ నవ్వింది. "గట్టిగ కట్టుమంటుంది. వాళ్లాయన లావుంటడంట, ఆనుకుంటే కూలుతదంట."

వాళ్లాయన సెమ్యోన్ మంచాన పడి పై అంతస్తులో ఉన్నాడు. కరోనా వచ్చాక ఒక అంతస్తు వాళ్లను ఇంకో అంతస్తుకు పోనివ్వడం లేదు. ఫోన్ చేస్తే ఆయనకు వినపడదు. పందిరి బయట ఉంటుంది, గాలి ఆడుతుంది, అక్కడైతే కూర్చోవచ్చని మేనేజరమ్మ ఒప్పుకుంది. ఆ పండుగ వారం మట్టుకే. మొదటి రాత్రి భోజనం వాళ్లిద్దరిదీ.

అది విన్నాక నా చేతులు ఆగలేదు. ముసలివాళ్లు, తడవకూడదు. ఫర్ చెట్ల కొమ్మ మీద కొమ్మ వేసి, పైన రెల్లు పరిచి, సందు లేకుండా అల్లాను. శుక్రవారం పొద్దుగూకే ముందు పైన బకెట్ నీళ్లు గుమ్మరించి చూశాను. చుక్క కారలేదు.

లోపల ప్రార్థన చేయించి మార్క్ అనే పెద్దమనిషి వచ్చాడు. పైకి చూసి, మెడ దించకుండా అట్లాగే నిలబడ్డాడు. తర్వాత గిరిజతో మాట్లాడాడు.

"ఏమంటుండే?"

"చుక్కలు కనబడాల్నంట నాయినా. వానొస్తే చినుకులు లోపల పడాల్నంట. ఇట్ల కప్పితే ఇల్లయితదంట. ఇంట్ల తింటే పండుగ కాదంట."

"గంతేనా? నిచ్చెన తే. ఇప్పుడే పీకేస్త."

"పొద్దుగూకింది గద. పండుగ మొదలైనంక రెండు దినాలు పని ముట్టరు. మనతోటి చేపియ్యరు గూడ."

"పండుగ గాకపోతే పాయె. మొగడు పెండ్లాం ఊకెనే కూసోరాదు?"

గిరిజ పోయి ఫైనాను అడిగింది. ముసలమ్మ నవ్వింది. సెమ్యోన్ వినడంట. వాళ్ల ఊరు ఒడెస్సాలో, పండుగలు చేయనివ్వని రోజుల్లో పోలీసులకు భయపడుతూ కూడా బాల్కనీలో ఆకులు కప్పి, చుక్కలు చూసి తిన్నవాడంట. దొంగ పందిరిలో కూర్చుంటాడా? రెండు రోజులే కదా, సోమవారం తింటామంది.

ఆదివారం పై అంతస్తులో ఒకరికి కరోనా తేలింది. తలుపులన్నీ మూశారు. ఎవరి గది వాళ్లకే.

సోమవారం నేను నిచ్చెన ఎక్కాను.

"ఎవ్వలు రారు నాయినా. ఎందుకు పీకుడు?"

"సోమవారమని చెప్పిన్రు గద."

సగం కొమ్మలు తీశాను. రెండు కుర్చీలు ఎదురెదురుగా వేశాను. రోజూ పోయి, రాలిన ఆకులు తుడిచి వచ్చేవాణ్ణి. గురువారం సెమ్యోన్‌ను అంబులెన్సులో తీసుకుపోయారు. మరునాడు పొద్దున ఆస్పత్రిలోనే ప్రాణం పోయింది.

ఆ సాయంత్రం పండుగ ఆఖరు. ఫైనా కిటికీ దగ్గర కనబడింది. అద్దం తెరవలేదు, నాయినా అని పిలవలేదు. గిరిజ లోపలి నుంచి ఫోన్ చేసింది.

"ఇప్పుడు చుక్కలు కనబడుతున్నయా అని అడుగుతుంది."

పందిట్లో నిలబడి పైకి చూశాను. మబ్బు పట్టి ఉంది. చినుకులు మొహం మీద పడ్డాయి.

"కనబడుతున్నయని చెప్పనా?" అంది గిరిజ.

"వద్దు బిడ్డా. ఆమెకు గూడ కిటికి ఉంది."